బెల్టు మార్చారట... మరి మిగతావో?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఓ స్పేర్ పార్టుల దుకాణం. కౌంటరు మీద మూడు అట్టపెట్టెలు. ఇవతల జూనియర్ కాలేజీ లెక్చరర్ ఒకాయన, ఆయన భార్య. అవతల దుకాణదారు. పక్కనే పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ మెకానిక్.

"మూడూ మీ బండికి పడేవే మాస్టారూ. ఏది ఇమ్మంటారు?" అన్నాడు దుకాణదారు.

మొదటి పెట్టె మీద కారు కంపెనీ గుర్తు ఉంది. రెండోదాని మీద బెల్టుల తయారీలో పేరున్న కంపెనీ పేరు. మూడోదాని మీదా అదే పేరు... కానీ ధర రెండోదాంట్లో మూడో వంతు. బిల్లు అక్కర్లేదంటే ఇంకాస్త తగ్గిస్తాడట. అసలే నెలాఖరు. పై వారం మనవడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి కూతురు, అల్లుడితో కలిసి తిరుమల ప్రయాణం. ఖర్చులన్నీ ముందే ఉన్నాయి. మాస్టారి చెయ్యి మూడో పెట్టె వైపే వెళ్లింది.

ఆవిడ ఆపారు. "ఉండండి. ముందు ఆ మూడూ విప్పి చూపించమనండి. లోపల ఏమేం ఉన్నాయో చూడకుండా ఏం కొంటాం?"

చీర కొనేటప్పుడు మడత విప్పకుండా డబ్బులిచ్చేవారు ఎవరూ ఉండరు. కారు విడిభాగాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెట్టె మీది బొమ్మ చూసి, మెకానిక్ ముఖం చూసి, జేబులోంచి డబ్బు తీసేస్తాం. మిగతా పార్టుల సంగతి ఎలా ఉన్నా, టైమింగ్ బెల్టు విషయంలో ఆ అలవాటు ఇంజిన్‌నే మింగేస్తుంది.

సూదీ... షటిలూ

మాస్టారిది 2014 మోడల్ రెనో డస్టర్ డీజిల్. మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికి 86 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు లక్షా 12 వేలు. "టైమింగ్ బెల్టు మార్చేశాం సార్, ఇక మీరు దాని జోలికి పోనక్కర్లేదు" అని అమ్మినాయన చెప్పాడు. బిల్లు మాత్రం ఇవ్వలేదు. ఇన్నాళ్లూ ఆ మాట మీదే బండి నడిచింది. దూర ప్రయాణం కదా అని ఆటోనగర్‌కు తెస్తే మెకానిక్ బానెట్ ఎత్తి, కాసేపు చెవి ఒగ్గి విన్నాడు. కుడివైపు నుంచి సన్నగా గరగరమంటోంది. "బెల్టు ఎప్పుడు మార్చారు మాస్టారూ?" అని అడిగాడు. ఎప్పుడన్నది తెలిస్తే కదా చెప్పడానికి!

"అసలు ఆ బెల్టు చేసే పనేంటి అన్నయ్యా?" అని ఆవిడ అడిగారు. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడతారని మెకానిక్‌కు తెలుసు. అందుకని కుట్టుమిషన్ భాషలోనే చెప్పాడు. మిషన్‌లో సూది కిందికి దిగి, పైకి లేవబోయే క్షణానికి అడుగున షటిల్ కొక్కెం వచ్చి దారాన్ని అందుకోవాలి. ఆ రెండింటికీ తాళం కుదిరినంతసేపూ కుట్టు ముత్యాల్లా పడుతుంది. కాస్త తప్పిందా, కుట్టు వదిలేస్తుంది. బాగా తప్పితే సూది పోయి షటిల్‌కు తగిలి విరుగుతుంది.

ఇంజిన్‌లోనూ అంతే. కింద క్రాంక్‌షాఫ్ట్, దానికి పిస్టన్లు. పైన క్యామ్‌షాఫ్ట్, దాని కింద వాల్వులు. పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్ల మీద ఉందంటే క్రాంక్ సెకనుకు 50 సార్లు తిరుగుతోందన్నమాట. ప్రతి వాల్వూ సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఈ రెండింటినీ ఒక తాళంలో కట్టి ఉంచేదే పళ్లున్న ఆ రబ్బరు బెల్టు.

ఇంకో చిత్రం... కుట్టుమిషన్ పోలిక మెకానిక్ నోటికి తోచి అన్నదే అయినా చరిత్రలోనూ ఆ చుట్టరికం ఉంది. 1940ల్లో అమెరికాలో పళ్ల బెల్టు పుట్టినప్పుడు దానికి దొరికిన తొలి పనుల్లో కుట్టుమిషన్ ఒకటి. కారు ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పే పనిలోకి అది వచ్చింది 1962లో, జర్మనీకి చెందిన గ్లాస్ అనే చిన్న కంపెనీ అమ్మిన 1004 మోడల్‌తో. మన దగ్గర అంబాసిడర్, పద్మిని కాలంలో ఈ గొడవే లేదు. వాటిలో ఉన్నది ఇనుప చెయిన్. మారుతి 800తో రబ్బరు బెల్టు మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చింది. తర్వాత జెన్, పాత శాంత్రో, ఇండికా డీజిల్, పాత ఇన్నోవా... అన్నీ బెల్టు బళ్లే. స్విఫ్ట్ డీజిల్, ఇన్నోవా క్రిస్టా వంటివి చెయిన్ బళ్లు. మీ కారులో ఏముందో మీకు తెలియకపోతే, కారుతో ఇచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టిక చూడండి. టైమింగ్ బెల్టు అనే వరుస ఉంటే, దాని ఎదురుగా ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు అని ఉంటుంది. కొన్నింటికి 60 వేలు, కొన్నింటికి లక్ష, ఇంకొన్నింటికి అంతకంటే ఎక్కువ. రెండింటిలో ఏది ముందు వస్తే అది. "మా బండి నెలకు రెండుసార్లే బయటికి తీస్తాం" అనేవాళ్లు ఆ ఏళ్ల లెక్కను మరిచిపోతుంటారు. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముసలిదవుతుంది. బెజవాడ ఎండలకు, బానెట్ కింది సెగకు మరీను.

తెగిందంటే ఏమవుతుంది? క్రాంక్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది. క్యామ్ ఆగిపోతుంది. తెరుచుకుని ఉన్న వాల్వుల మీదికి పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి. ఒక్కోసారి పిస్టన్లకూ దెబ్బే. కొన్ని ఇంజిన్లలో పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య తగినంత ఖాళీ ఉంటుంది కాబట్టి బండి ఆగిపోవడంతో సరిపోతుంది. డీజిల్ ఇంజిన్లకు ఆ అదృష్టం లేదనే అనుకోవాలి. డస్టర్‌లోని 1461 సీసీ ఇంజిన్ కూడా గుద్దుకునే రకమే. హెడ్ దించి, వాల్వులు మార్చి, గ్యాస్కెట్ వేసి మళ్లీ ఎక్కించేసరికి అర లక్ష ఇట్టే దాటిపోతుంది. పైగా అది తెగేది ఇంటి ముందు కాదు. ఏ నెల్లూరు దాటాకో, రాత్రిపూట, ఒళ్లో పసిపిల్లాడున్నప్పుడు.

అలా దారిలో ఇంజిన్ ఉన్నట్టుండి ఆగిపోయి, సెల్ఫ్ కొడితే ఎప్పటికంటే తేలిగ్గా, ఖాళీగా తిరుగుతున్నట్టు వినిపిస్తే మళ్లీ మళ్లీ కొట్టకండి. తోసి స్టార్ట్ చేయాలని అసలే చూడొద్దు. వంగాల్సినవి కొన్ని మిగిలి ఉంటే అవీ వంగుతాయి.

పెట్టెలు విప్పితే...

ఇక కౌంటరు దగ్గరికి వద్దాం. ఆవిడ అడిగినట్టే దుకాణదారు మూడు పెట్టెలూ విప్పాడు.

మొదటిదాంట్లో బెల్టు, టెన్షనర్ ఉన్నాయి. వాటర్ పంపు విడిగా కొనాలి. రెండోదాంట్లో బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, దాని గ్యాస్కెట్, బానెట్ లోపల అంటించే చిన్న స్టిక్కరు. మూడోదాంట్లో ఒక్క బెల్టే. అదీ నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది.

"ఇంత పెద్ద పెట్టెలో ఇదొక్కటేనా?" అన్నారు ఆవిడ.

"మార్చేది బెల్టే కదమ్మా!" అన్నాడు దుకాణదారు.

తప్పంతా ఈ మాటలోనే ఉంది. పని పేరు 'టైమింగ్ బెల్టు మార్చడం' అయిపోయింది కాబట్టి అందరి కళ్లూ బెల్టు మీదే. కానీ బెల్టు ఒంటరిగా తిరగదు. దాన్ని బిగువుగా ఉంచడానికి టెన్షనర్ అనే రోలర్ ఉంటుంది. కొన్ని బళ్లలో దారి మళ్లించడానికి ఐడ్లర్ అనే రోలరో రెండో ఉంటాయి. డస్టర్ డీజిల్‌లో అయితే అదే బెల్టు వాటర్ పంపునూ, డీజిల్‌ను ఒత్తిడితో పంపే పంపునూ కూడా తిప్పుతుంది. రోలర్ లోపల సీలు వేసిన బేరింగ్ ఉంటుంది. అందులో గ్రీజు పుట్టినప్పుడు పెట్టిందే, మళ్లీ పెట్టే వీలుండదు. చిన్న చక్రం కాబట్టి క్యామ్ కంటే వేగంగా తిరుగుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగి గ్రీజు ఎండిన బేరింగ్ మీదికి కొత్త బెల్టు ఎక్కించడమంటే, అరిగిపోయిన గిలక మీద కొత్త చేంతాడు వేసినట్టే. చేంతాడు కొత్తదే. బిందె బావిలోనే ఉంటుంది.

వాటర్ పంపు సంగతీ అంతే. అది కారితే ఆ నీళ్లు బెల్టు మీద పడతాయి. బేరింగ్ పట్టేస్తే బెల్టు పళ్లు ఊడతాయి. మరో లెక్క కూడా ఉంది. ఈ బండిలో బెల్టు దగ్గరికి చేరాలంటే కింద జాకీ పెట్టి ఇంజిన్‌ను ఆనించి, కుడివైపు మౌంటింగ్ విప్పాలి. కవర్లు తీయాలి. ఒక పూట పని. ఆరు నెలల తర్వాత పంపు కారితే ఇదంతా మళ్లీ మొదటి నుంచి. మజూరీ మళ్లీ ఇవ్వాలి. పంపు మిగిల్చి ఆదా చేసిన డబ్బు అక్కడే పోతుంది. బెల్టు పంపును తిప్పని బళ్లలో ఈ వాదన అంతగా పనికిరాదు. వాటిలో పంపు బాగుంటే వదిలేయొచ్చు. మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "మా బండిలో ఈ బెల్టు ఏమేం తిప్పుతుంది?" సూటిగా జవాబు రాకపోతే మెకానిక్‌ను మార్చడం గురించి ఆలోచించాలి.

ఎవరు చేస్తారు... ఎవరు ముద్ర వేస్తారు?

"కంపెనీది వేయించండి" అంటారు పెద్దలు. కారు కంపెనీలు బెల్టులు తయారు చేయవు. గేట్స్, కాంటినెంటల్, డేకో, బాండో, మిత్సుబోషి వంటి కంపెనీలు చేస్తాయి. రోలర్లు చేసేవి ఐఎన్ఏ, ఎస్‌కేఎఫ్, ఎన్‌టీఎన్ లాంటి బేరింగ్ కంపెనీలు. వాళ్ల దగ్గర కొని కారు కంపెనీ తన పెట్టెలో, తన పరీక్షలు చేయించి, తన ముద్రతో అమ్ముతుంది. ఆ ముద్రకు కొంత ధర ఉంటుంది. అదే తయారీదారు తన సొంత పెట్టెలో అమ్మితే తక్కువకే వస్తుంది. కాబట్టి మొదటి పెట్టెకూ రెండో పెట్టెకూ నాణ్యతలో పెద్ద తేడా ఉండాల్సిన పని లేదు. రెండూ నిఖార్సయినవే అయితే!

ఆ 'అయితే' దగ్గరే మూడో పెట్టె పుడుతుంది. పేరున్న కంపెనీకే నకిలీ పుడుతుంది, పేరు లేనిదాన్ని ఎవడు కాపీ కొడతాడు? ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా ఏ పెద్ద స్పేర్ల బజారుకు వెళ్లినా నిజాయతీగా వ్యాపారం చేసే దుకాణాలే ఎక్కువ. వాటి మధ్యలోనే ఇదీ దూరుతుంది.

రెండు బెల్టులూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి మెకానిక్ పళ్లు లెక్కపెట్టాడు. రెండింటికీ 123. వెడల్పు 27 మిల్లీమీటర్లు, అదీ సరిపోయింది. మాస్టారు దుకాణదారు వైపు చూశారు... చూశావా అన్నట్టు. అప్పుడు ఆవిడ రెండింటినీ చేతిలోకి తీసుకున్నారు. గుడ్డ నాణ్యం వేళ్లతో చూసే అలవాటు కదా! అసలుదాని పళ్ల మీద నేసిన నైలాన్ గుడ్డ పొర బిగువుగా అతుక్కుని ఉంది. రెండోదాని మీద అక్కడక్కడా అంచు లేచింది. అసలుదాని మీది అక్షరాలు, పార్టు నంబరు, బ్యాచ్ నంబరు స్పష్టంగా ఉన్నాయి. రెండోదాని మీది పేరు బొటనవేలితో రుద్దితే నల్లగా వేలికి అంటుకుంది. పన్ను ఆకారం కూడా ఒకటి గుండ్రంగా నిండుగా, ఇంకొకటి కాస్త కోసుగా. పళ్ల లెక్క సరిపోయినా పంటి ఆకారం సరిపోకపోతే అది పళ్ల చక్రంలో నిండుగా కూర్చోదు. రాపిడితో రోజూ కొంచెం కొంచెం అరుగుతుంది.

ఇక కంటికి కనిపించని తేడాలు. మంచి టైమింగ్ బెల్టును ఇప్పుడు హెచ్ఎన్‌బీఆర్ అనే రకం కృత్రిమ రబ్బరుతో చేస్తారు. వేడినీ, నూనె ఆవిరినీ మామూలు రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది. దాని వెన్నెముక సన్నటి గాజు నూలు. గాజు సాగదు, అందుకే తాళం తప్పదు. కానీ గాజు కదా, గట్టిగా మడిస్తే లోపల పోగులు విరుగుతాయి. పైకి ఏమీ కనిపించదు. నాలుగు మడతలు పెట్టి బ్యాండు వేసిన బెల్టు, మేకుకు తగిలించి ఏడాదిగా వేలాడుతున్న బెల్టు అసలు కంపెనీదే అయినా వద్దనడమే మంచిది. కొందరు మెకానిక్‌లు బెల్టు బాగుందో లేదో చూడటానికి మెలితిప్పి, లోపలిది బయటికి తిప్పి మరీ చూపిస్తారు. అలా పరీక్ష చేసినందుకే అది పాడవుతుంది. పగుళ్లు లేవు కాబట్టి ఇంకో పదివేలు లాగొచ్చనడం కూడా పాత రబ్బరు కాలం నాటి మాట. ఈ కొత్త రకం పగుళ్లు చూపించకుండానే తెగగలదు.

పెట్టె మీద చూడాల్సినవి కూడా ఉన్నాయి. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలన్నది 2011 నుంచి అమల్లో ఉన్న ప్యాకేజీ వస్తువుల నిబంధన. మూడో పెట్టె మీద హోలోగ్రామ్ ధగధగలాడుతోంది గానీ తయారీ తేదీ లేదు, చిరునామా లేదు. బేరింగ్ కంపెనీల్లో కొన్ని ఫోన్‌తో సరిచూసుకునే ఏర్పాటు కూడా చేశాయి. ఎస్‌కేఎఫ్‌కు 'అథెంటికేట్' అనే యాప్ ఉంది. ఐఎన్ఏ బ్రాండు యజమాని షాఫ్లర్‌కు 'ఆరిజిన్‌చెక్' ఉంది. ఫోన్ చేతిలోనే ఉంటుంది కాబట్టి కౌంటరు దగ్గరే ఒక నిమిషం వెచ్చిస్తే పోయేదేం లేదు.

బిల్లు సంగతి. "బిల్లు వద్దంటే పన్ను తగ్గుతుంది" అనే మాట చాలామందికి తీయగా వినిపిస్తుంది. 28 శాతం జీఎస్టీ ఉన్న కారు విడిభాగాలపై 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను 18 శాతానికి దిగింది. బిల్లు లేకుండా కొని మిగుల్చుకునేది మునుపటికంటే ఇంకా తక్కువ. పోగొట్టుకునేదేమో వారంటీ మొత్తం. ఇంజిన్ పోయాక 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లకు గోడు చెప్పుకోవాలన్నా వాళ్లు అడిగే మొదటి కాగితం బిల్లే. కిట్ మొత్తం ఒకేసారి వేయిస్తేనే వారంటీ అన్న షరతు కూడా కొన్ని కంపెనీలకు ఉంటుంది, పెట్టెలోని కాగితం చదవాలి.

మాస్టారు చివరికి రెండో పెట్టె తీసుకున్నారు. బిల్లుతో. మీకు తెలిసిన, నమ్మకమైన దుకాణం లేకపోతే మాత్రం రెండో పెట్టె కోసం బజారంతా తిరగడం కంటే కారు కంపెనీ అధీకృత కౌంటరుకు వెళ్లి మొదటి పెట్టెకే ఎక్కువ డబ్బు పెట్టడం మేలు. ఆ ఎక్కువ డబ్బు బెల్టుకు కాదు, అనుమానం లేకుండా ఇంటికి వెళ్లడానికి. ఎక్కడ కొన్నా బండి పేరు, సంవత్సరం చెబితే చాలదు. డస్టర్ డీజిల్‌లోనే 85 పీఎస్, 110 పీఎస్ అని రెండు రకాలు వచ్చాయి. ఇదే ఇంజిన్ లోగాన్‌లో, నిస్సాన్ సన్నీలో, టెరానోలో కూడా ఉంది. పైకి ఒకటే ఇంజిన్, పార్టు నంబర్లు మాత్రం మారొచ్చు. ఆర్సీలో ఉండే 17 అక్షరాల చాసిస్ నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్తే ఆ చిక్కు ఉండదు.

కిట్‌లో లేనిది ఒకటి మిగిలింది. క్రాంక్ పుల్లీ బోల్టు. బిగించినప్పుడు కొద్దిగా సాగే రకం కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలని కంపెనీ చెబుతుంది. "పాతదే వేసేద్దాం, ఏం కాదు" అని మెకానిక్ కూడా అన్నాడు. ఈసారి పట్టుబట్టింది మాస్టారు. ఇంతా చేసి బోల్టు దగ్గర లోభమా అని, ఆయనే స్కూటర్ మీద వెళ్లి కంపెనీ కౌంటర్లో కొనుక్కొచ్చారు. ఆల్టర్నేటర్ బెల్టు అంచులు పోగులు లేస్తుంటే అదీ మార్పించారు. అది చిన్న విషయం కాదు. ఆ పోగులు కవరు సందులోంచి లోపలికి పోయి టైమింగ్ బెల్టు కింద ఇరుక్కుంటే కొత్త బెల్టైనా నిలవదు.

పిన్నులున్నాయా?

మంచి పార్టు కొని తప్పుగా బిగిస్తే అదీ చెడ్డ పార్టే అవుతుంది. ఈ ఇంజిన్‌కు క్రాంక్‌నూ, క్యామ్‌నూ సరైన చోట కదలకుండా ఆపే రెండు పిన్నులు ఉంటాయి. అవి పెట్టి పని చేయాలి. పిన్నులు లేనివాళ్లు విప్పేముందు తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టుకుని, మళ్లీ ఆ గుర్తులకే కలుపుతారు. పోయినసారి బిగించినవాడు ఒక పన్ను తప్పు వేసి ఉంటే ఆ తప్పును కూడా భద్రంగా కాపాడినట్టవుతుంది.

మెకానిక్ దగ్గర పిన్నులున్నాయి. బెల్టు వేసి, టెన్షనర్ ముల్లును గుర్తుకు కలిపి, పిన్నులు తీసి, సెల్ఫ్ కొట్టకుండా స్పానర్‌తో చేత్తోనే క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పాడు. మళ్లీ పిన్నులు పెట్టి చూశాడు. దూరాయి. టెన్షనర్ ముల్లు గుర్తు మీదే ఉంది. ఆ రెండు చుట్లు తిప్పే ఐదు నిమిషాలు ఎవరూ దగ్గర నిలబడి చూడరు గానీ, చూడాల్సింది అదే. ఎక్కడైనా అడ్డుపడితే చేతికి తెలుస్తుంది. సెల్ఫ్ మోటారుకు తెలియదు. చివరగా కూలెంటు. పంపు మార్చారు కాబట్టి అది కొత్తది పోయాలి. కంపెనీ చెప్పిన రకమే, కుళాయి నీళ్లు కాదు.

పాత సామాను ఒక ట్రేలో వేసి మెకానిక్ ముందుకు తెచ్చాడు. పాతవి చూపించమని ముందే చెప్పి ఉంచడం మంచి అలవాటు. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. బెల్టు నిజంగానే మార్చారు. దాని మీది అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి, పళ్లు గట్టిగానే ఉన్నాయి. కానీ టెన్షనర్ మాత్రం బండితో పాటు పుట్టింది. చేత్తో తిప్పితే గరగరమంది, అటూ ఇటూ ఊగింది. వాటర్ పంపు కింది చిల్లు దగ్గర నీళ్లు కారి ఎండిన తెల్లటి చార. మాస్టారు ఆ రోలర్‌ను వేలికి తొడిగి రెండు మూడుసార్లు తిప్పి చూశారు. ఏమీ అనలేదు.

"తిరుమల దాకా వెళ్లేదా అన్నయ్యా ఇది?" అని ఆవిడే అడిగారు.

"వెళ్లేదేమోనమ్మా. వచ్చేదా అంటే చెప్పలేను" అన్నాడు మెకానిక్.

కిట్‌తో వచ్చిన స్టిక్కరు మీద తేదీ, 1,12,340 కిలోమీటర్లు అని బాల్‌పెన్‌తో రాసి బానెట్ లోపలివైపు అంటించాడు. కింద ఖాళీ మిగిలితే 'టెన్షనర్, పంపు కూడా' అని ఆవిడ రాయించారు. రేపు ఈ బండిని ఇంకెవరికైనా అమ్మినా, "బెల్టు మార్చేశాం" అని నోటితో చెప్పాల్సిన పని లేకుండా.